ఎగిరెడు పళ్లెమును, గోడమీది నీడయు

ఇటీవల మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు తన తండ్రిగారి చేతిఫోనులోని బొమ్మ నొకదానిని చూపి, "మాస్టారూ, ఇది నిజమేనాండీ?" అని యడిగెను. ఆకాశమున పళ్లెమువంటి వస్తువొకటి అందు కనబడుచుండెను. ఫొటో ఉన్నది గదా, అబద్ధ మెట్లగునని వాని వాదము. పెద్దలలో గూడ పెక్కురిట్లే తలంతురు గావున, అట్టి చిత్రములపై జరిగిన విచారణ నొకదానిని తలిదండ్రుల యెదుట నుంచుచున్నాను.

అమెరికాలోని ఓరిగన్ రాష్ట్రమున మక్‌మిన్‌విల్ అను పట్టణము కలదు. 1950 మే 11వ తేది సాయంకాలమున, ఆ ప్రాంతపు రైతు భార్య యొకతె కుందేళ్లకు మేత వేసి వచ్చుచు, వెండివలె మెరయు పళ్లెమువంటి దానిని ఆకాశమున చూచి భర్తను కేకవేసెనట. ఆతడు కెమెరా తెచ్చి రెండు చిత్రములు తీసెను. ఫిల్ములో ఇంకను చోటు మిగిలియుండుటచే వెంటనే కడిగింపలేదు. (నేటి పిల్లలకు ఈ మాట చెప్పిన నవ్వుదురు.) జూన్ మాసమున స్థానికపత్రికయు, పిదప 'లైఫ్' పత్రికయు ప్రచురించుటతో అవి లోకప్రసిద్ధము లయ్యెను.

1966లో అమెరికా వైమానికదళము ఇట్టి దృశ్యములను పరిశీలించు భారమును కొలరాడో విశ్వవిద్యాలయమున కప్పగించెను. ఎడ్వర్డ్ కాండన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దానికి అధ్యక్షుడు. ఈ చిత్రముల సంగతి విలియం హార్ట్‌మన్ అను ఖగోళశాస్త్రజ్ఞుని పాలబడెను.

ఆయన యుక్తి చక్కనిది. దగ్గరి కొండ నల్లగను, దూరపు కొండ పాలిపోయినట్లును కనబడుట మన మెరిగినదే. నడుమనున్న గాలియు ధూళియు వెలుతురును చెదరగొట్టుటయే దీనికి కారణము. చిత్రములోని పళ్లెము అడుగుభాగమును, పెరటిలోనున్న తొట్టి అడుగుభాగమును ఆయన పోల్చి చూడగా, పళ్లెపు నీడ ఎక్కువ పాలిపోయి యుండెను. కావున అది సుమారు 1.3 కిలోమీటర్ల దూరమున నుండవలెనని లెక్కకట్టెను. అంత దూరమున నున్నచో అది బొమ్మ గాదు, గొప్ప వాహనమే. కల్పన కాదని ఖండితముగా చెప్పజాలమని వ్రాయుచునే, ఆధారములన్నియు ఆ దంపతుల మాటకు అనుకూలముగా నున్నవని ఆయన తేల్చెను.

1969 జనవరిలో వెలువడిన నివేదికలో, ఈ పరిశోధనలవలన శాస్త్రమునకు కలిగిన లాభము లేదని కాండన్ వ్రాసెను. ఆ డిసెంబరులోనే వైమానికదళము తన విచారణశాఖను మూసివేసెను. వారికి చేరిన 12,618 దృశ్యములలో 701 తేలక మిగిలినవి.

అటుపిమ్మట ఫిలిప్ క్లాస్, రాబర్ట్ షీఫర్ అను విమర్శకులు పళ్లెమును విడిచి గోడను చూచిరి. షెడ్డు యొక్క తూర్పుగోడపై చూరునీడలు పడియున్నవి! సాయంకాలపు సూర్యుడు పడమట నుండగా తూర్పుగోడపై నీడ లెట్లు పడును? ఇది ఉదయమున తీసిన చిత్రమై యుండవలెను గదా. మరియు కెమెరా అద్దము మాసియున్నచో, దగ్గరి నల్లని వస్తువు గూడ దూరపుదానివలె పాలిపోయి కనబడును. ఈ వాదమును విన్నపిదప హార్ట్‌మన్ తన పూర్వనిర్ణయమును విడిచెను. అచ్చయిన నివేదికలోని తన మాటను తానే వెనుకకు తీసికొనుట సామాన్యము గాదు. ఈ కథలో నాకు పళ్లెముకంటె ఈ ఘట్టమే నచ్చినది.

వివాదము మాత్రము ముగియలేదు. వెలుగొందు సంధ్యామేఘము వలన అట్టి నీడలు పడవచ్చునని బ్రూస్ మక్కబీ అను మరియొక శాస్త్రజ్ఞుడు వాదించెను. 2013లో ఫ్రాన్సు పరిశోధకులు కంప్యూటరు సహాయమున పరీక్షించి, అది పైనున్న తీగలనుండి దారముతో వ్రేలాడదీసిన చిన్న నమూనా యని నిర్ణయించిరి. ఆ దంపతులు మాత్రము మరణించువరకు తమ మాట మార్చలేదు.

మా బాలునితో, "నీ బొమ్మలో నీడలెటు పడినవి?" అంటిని. చూడగా అందు ఆకాశము తప్ప నేలగాని, చెట్టుగాని, గోడగాని లేదు. ఎవరు తీసిరో, ఎప్పుడు తీసిరో వానికి తెలియదు. తండ్రిగారికి మరియెవరో పంపిరట. మరునాటి ఉదయమున వాడు మా బడి తూర్పుగోడ యొద్ద నిలిచి చూరునీడ చుట్టును సుద్దతో గీత గీయుచుండెను. సాయంకాలము మరల వచ్చి చూతునని చెప్పెను.