పుస్తకాల దొంగను ఏమనాలి?

ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబానికి సామాను సర్దిపెట్టడానికి మొన్న శుక్రవారం మేము కొందరం వెళ్ళాం. తెలుగు పుస్తకాలు అట్టపెట్టెలో పెడుతుంటే, ఒకదాని మొదటి పేజీలో మనలోనే మరొకరి పేరు కనిపించింది. ఇంకొకదానిలో ఇంకొకరిది. ఆ దంపతులు నొచ్చుకున్నారు. మేము నవ్వేశాం. ఇంటికి వెళ్ళి మా అలమరలు చూసుకున్నాక ఆ నవ్వు నిలవలేదు. మా దగ్గరా నాలుగు తేలాయి!

మా వంటివారికి ఇంగ్లీషులో ఒక అరుదైన పేరున్నది: 'బిబ్లియోక్లెప్ట్'. గ్రీకులో 'బిబ్లియోన్' అంటే పుస్తకం, 'క్లెప్టెస్' అంటే దొంగ. అవసరం లేకున్నా వస్తువులు కాజేసే జబ్బును 'క్లెప్టోమేనియా' అంటారు కదా, అందులో ఉన్నదీ ఈ దొంగే. స్కాట్లండు రచయిత ఆండ్రూ లాంగ్ 1881లో వెలువడిన తన 'ది లైబ్రరీ' అనే పుస్తకంలో ఈ మాట వాడాడు. గ్రీకు పేరు తగిలిస్తే దొంగతనం కూడా కాస్త మర్యాదగా వినిపిస్తుంది.

ఈ విద్యలో ఘనులున్నారు. ఫ్రాన్సు గ్రంథాలయాలను తనిఖీ చేయవలసిన గూలెల్మో లిబ్రి అనే ఇటలీ గణితవేత్త వాటినే కొల్లగొట్టి, 1848లో లండనుకు పారిపోయాడు. 'లిబ్రి' అంటే ఇటలీ భాషలో 'పుస్తకాలు' అనే అర్థం! అమెరికాలో స్టీఫెన్ బ్లూంబర్గ్ అనే ఆయన 1990లో పట్టుబడేనాటికి 20,000కు పైగా పుస్తకాలు ఇంట్లో పోగేశాడు.

మరి తెలుగులో? 'గ్రంథచోరుడు' అందామంటే ఒక చిక్కున్నది. పరుల రచనను తనదిగా చెప్పుకోవడాన్ని మనం గ్రంథచౌర్యం అంటున్నాం. వెయ్యేళ్ళకు పూర్వమే రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో అటువంటి హరణాలను రకరకాలుగా విడదీసి చెప్పాడు. లోపలి మాటలు దొంగిలించినవాడు ఆ పేరు ముందే పట్టుకుపోయాడు. పుస్తకాన్నే పట్టుకుపోయినవాడు మాత్రం 'చదివి ఇస్తానండీ' అన్న పెద్దమనిషిగానే మిగిలాడు.

మన పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు. పరుల చేతికి వెళ్ళిన పుస్తకం వెళ్ళినట్లేనని ఎప్పుడో అన్నారు. నూనె, నీరు, వదులైన కట్టు నుంచి కాపాడమనీ, మూర్ఖుని చేతికి ఇవ్వవద్దనీ పుస్తకమే వేడుకుంటున్నట్లు తాళపత్రాల చివర రాసుకున్నారు. ఇంగ్లండులో హియర్‌ఫర్డ్ చర్చివారు పుస్తకాలను అరలకు గొలుసులతో బంధించారు. మనవాళ్ళు ఆకులకు చిల్లుపెట్టి తాడుతో కట్టారు. 'గ్రంథం' అన్న మాట పుట్టిందే కట్టడం, కూర్చడం అనే అర్థం నుంచి.

ఊళ్ళో ఒక పుస్తకం పోతే విజయవాడ వెళ్ళి మరొకటి కొనుక్కోవచ్చు. ఇక్కడున్న ప్రతి పుస్తకమూ ఎవరో ఒకరు ఆవకాయ సీసా తగ్గించుకుని, పెట్టెలో బరువు చూసుకుని తెచ్చినది. కొన్ని మళ్ళీ అచ్చు కాలేదు కూడా. బదిలీ అయిన కుటుంబంతో ఒక్క కథల పుస్తకం వేరే దేశానికి వెళ్ళిపోతే, అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న మన పిల్లల చేతికి అది మరి రాదు. దాచుకున్నవారైనా మళ్ళీ చదువుతారా అంటే, అదీ లేదు. మేము చదవలేదు.

అందుచేత ఒక మనవి. వచ్చే నెల సమావేశానికి తలుపు పక్కన ఒక అట్టపెట్టె పెడతాం. మీ అలమరలో ఇతరుల పేరున్న పుస్తకాలు ఏమైనా ఉంటే అందులో వేయండి. ఎవరు వేశారని అడగం, ఎన్నాళ్ళయిందని లెక్క కట్టం. మా నాలుగూ ముందుగా అందులో ఉంటాయి.