ఇంటికి పడమట ఏ చెట్టు?

తొలకరి పడగానే ఇంటి చుట్టూ మొక్కలు నాటాలని అందరికీ ఉబలాటమే. నర్సరీకి వెళ్లి పూలు చూసి మొక్క ఎంచుకుంటాం. మేమూ అలాగే పల్లెలోని మా పడమటి వాకిట్లో తురాయి నాటాం. ఎర్రగా పూస్తే చూసినవారంతా మాషా అల్లాహ్ అన్నారు. కాని మార్చి, ఏప్రిల్ ఎండల్లో కొమ్మకు ఆకు ఉండేది కాదు. ఒక గాలివాన రాత్రి పెద్ద కొమ్మ విరిగి, అమ్మీజాన్ రోజూ మంచం వేసుకునే చోటే పడింది. అల్లాహ్ దయవల్ల ఆ రాత్రి ఆమె లోపల పడుకున్నారు.

2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 2000 మందికి పైగా మరణించారు. ముసలివారున్న ఇంటికి నీడ ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మధ్యాహ్నం దాటాక ఎండ పడమటి గోడను కాలుస్తుంది. రాత్రి ఆ గోడే గదిలోకి వేడి వదులుతుంది. అందుకే మొదటి మొక్క పడమట నాటాలి. వేప, కానుగ రెండూ మంచివే. వేప ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చినా మే నాటికి నిండుగా ఉంటుంది. అయితే లేత మొక్కను మేకలు బతకనివ్వవు. కానుగ ఆకును పశువులు అంతగా ముట్టవు, నీడా చిక్కన. గోడకు 15 అడుగులైనా ఎడం ఉంచాలి. మర్రి, రావి మాత్రం ఇంటి పక్కన వద్దు, వేళ్లు పునాదిలోకి పోతాయి.

మొదటి రెండు వేసవులు నీళ్లు పోయకపోతే ఏ మొక్కా దక్కదు. మా ఇంట్లో వుజూ నీళ్లు పాదులోకి పారేలా చిన్న కాలువ తీశాం. నాటిన చెట్టు నుంచి పక్షి తిన్నదీ సదఖాయేనని హదీసులో ఉంది కదా! తురాయిని కొట్టేసిన చోట కానుగ పెట్టి ఆరేళ్లయింది. ఈ వేసవిలో దాని నీడ అమ్మీజాన్ మంచం దాకా వచ్చింది.