విద్యుత్ ప్రణాళికలో వినియోగదారుని స్థానము

విద్యుచ్ఛక్తి నేడు అన్నవస్త్రములవలె నిత్యావసరమైనది. ఆదోని పత్తి మిల్లు, ఎమ్మిగనూరు చేనేత కార్మికుని ఇంటి దీపము, ఉరుకుంద పొలములోని బోరు మోటారు, అన్నియు దానిపైననే ఆధారపడి ఉన్నవి. ఇట్టి వస్తువును ఎంత ఉత్పత్తి చేయవలెను, ఎవరియొద్ద ఏ ధరకు కొనవలెను అని నిర్ణయించునపుడు, వాడుకొనువాని మాటకు చోటు ఎక్కడ? విద్యావంతులు ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు నలుబది ఏండ్లపాటు ఉత్పత్తి, సరఫరా, ధరల నిర్ణయము అన్నింటిని తానే నిర్వహించినది. సామాన్యుడు తన అభ్యంతరమును బహిరంగ విచారణలో చెప్పుకొను అవకాశము అప్పుడు లేకుండెను. 1998 నాటి రాష్ట్ర విద్యుత్ సంస్కరణల చట్టము ఈ స్థితిని మార్చినది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కో అను రెండు సంస్థలుగా విడిపోయినది. ధరలను నిర్ణయించు అధికారము అదే సంవత్సరము ఏర్పడిన విద్యుత్ నియంత్రణ మండలికి సంక్రమించినది.

2003 నాటి కేంద్ర విద్యుత్ చట్టము వినియోగదారునికి ముఖ్యముగా మూడు మార్గములు చూపినది. 64వ సెక్షను ప్రకారము ధరల ప్రతిపాదనను పత్రికలలో ప్రకటించి, ప్రజల సూచనలను, అభ్యంతరములను పరిశీలించిన పిమ్మటనే మండలి ఉత్తర్వు ఇయ్యవలెను. 87వ సెక్షను ప్రకారము ఏర్పడు సలహా సంఘములో వాణిజ్యము, పరిశ్రమలు, వ్యవసాయము, కార్మికులతోపాటు వినియోగదారులకును ప్రాతినిధ్యము ఉండవలెను. 94వ సెక్షను ప్రకారము వినియోగదారుల పక్షమున వాదించుటకు తగిన వ్యక్తిని మండలి నియమింపవచ్చును.

అయితే చట్టమున్నంత మాత్రమున న్యాయము జరుగునా? 2000 సంవత్సరములో మండలి తొలి ధరల ఉత్తర్వుకు ముందు బహిరంగ విచారణ జరిగినది. అయినను పెరిగిన ధరలపై రాష్ట్రమంతట ఆందోళన చెలరేగినది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ప్రాణములు బలియైనవి. ప్రజల మాటను వినుట వేరు, దానిని లెక్కలోనికి తీసికొనుట వేరు అని ఆ సంవత్సరము మనకు నేర్పినది.

సాధారణముగా మనము బిల్లు చేతికి వచ్చిన తరువాత మేల్కొందుము. కాని ఆ బిల్లుకు బీజము ఎన్నో ఏండ్లకు ముందే పడును. రాబోవు కాలపు అవసరమును అధికముగా అంచనా వేసి, ఇరువది అయిదేండ్లకు కొనుగోలు ఒప్పందములు చేసికొన్నారనుకొందము. అప్పుడు వాడని విద్యుత్తుకును స్థిర వ్యయము చెల్లింపవలసి వచ్చును. నీరు రాక పైరు వేయకపోయినను రైతుకు పొలము కౌలు తప్పదు గదా! ఇదియు అట్టిదే. అందుచేత అయిదేండ్ల కాలమునకు పంపిణీ సంస్థలు సమర్పించు అవసరముల అంచనా, సేకరణ ప్రణాళికలపై జరుగు విచారణ, ఏటేట జరుగు ధరల విచారణకన్న తక్కువ ముఖ్యమైనది కాదు.

ఈ విచారణలకు పెద్ద పరిశ్రమలు న్యాయవాదులను, నిపుణులను పంపగలవు. చిన్న వినియోగదారునికి ఆ శక్తి లేదు. సీనియరు పాత్రికేయులు ఎం. వేణుగోపాలరావు, విద్యుత్ నియంత్రణపై ప్రజా పర్యవేక్షణకు కృషిచేసిన ఎం. తిమ్మారెడ్డి వంటివారు ఏండ్ల తరబడి లెక్కలు పరిశీలించి, మండలి ఎదుట ప్రశ్నలు లేవనెత్తినారు. అయితే కొద్దిమంది ఎంత శ్రమించినను ఉరుకుంద రైతు బాధ పూర్తిగా వారికి తెలియదు. అది ఇచ్చటివారే చెప్పవలెను.

2014 రాష్ట్ర విభజన తరువాత కర్నూలు జిల్లా తిరుపతి కేంద్రముగా గల దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ పరిధిలోనికి వచ్చినది. సాధారణముగా నవంబరు చివరకు ధరల ప్రతిపాదనలు మండలికి చేరును. అవి సాంకేతిక పదములతో నిండిన వందలాది పుటలు. వాటి సారాంశమును సరళమైన తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ఊరివారికి వినిపించుట మన విద్యార్థులకు తగిన సేవ. మోటారుకు కరెంటు ఎన్ని గంటలు వచ్చినది, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని దినములకు మార్చినారు అను వివరములను తేదీలతో వ్రాసిపెట్టుకొన్నచో, అది ఏ నిపుణుని నివేదికకును తీసిపోని సాక్ష్యము.

విద్యార్థులారా! చట్టము మనకు ఒక కుర్చీ వేసి ఉంచినది. లెక్క తెలిసినవాడు అందు కూర్చుండిననాడే దానికి విలువ. ఆ లెక్క నేర్చుకొనుట కళాశాలలోనే ఆరంభము కావలెను.