గురువు తర్వాత సంగీత పాఠశాల ఎవరిది?

కరీంనగర్‌లో గానీ మంచిర్యాలలో గానీ పిల్లల్ని సంగీతానికి పంపే తల్లిదండ్రులు బడి పేరు పెద్దగా చెప్పరు. "ఫలానా సార్ దగ్గర నేర్చుకుంటున్నది" అంటారు. సంగీతం మనిషి నోటి నుంచి మనిషి చెవికి చేరే విద్య కాబట్టి అలా అనడం సహజమే. కానీ ఆ సార్ లేని రోజు ఒకటి వస్తుంది. అప్పుడు హార్మోనియం, తబలా ఎవరివి? దాతలిచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో ఉంది? అద్దె ఒప్పందం మీద ఎవరు సంతకం పెట్టాలి? కొడుకు తనదంటాడు, పెద్ద శిష్యుడు తనదంటాడు, మధ్యలో పిల్లల పాఠం ఆగిపోతుంది. ఇలాంటి తగవులను తీర్చే దారి సొసైటీల చట్టంలో ఉంది. లాభం కోసం కాకుండా పాఠశాల నడపాలనుకునేవారు ఎక్కువగా పట్టే దారి కూడా అదే. ఆ చట్టం మన ప్రాంతంలో 2001లో మారింది. ఆ మార్పు విలువ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నిజాం కాలంలో నలుగురు కూడి ఒక సంఘం పెట్టుకోవడమే కష్టంగా ఉండేది. సభ జరపాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు అడ్డు. సొంతంగా బడి తెరవాలంటే సర్కారు అనుమతి కావాలి. ప్రైవేటు బడుల మీద ఆంక్షలు ఎత్తేయాలని నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ పదే పదే కోరింది. ఆ మహాసభ నాలుగో సమావేశం 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన మన సిరిసిల్లలోనే జరిగింది. ఆ తర్వాత హైదరాబాద్ సంస్థానంలో 1350 ఫసలీలో, అంటే 1940-41 ప్రాంతంలో, పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. కరీంనగర్, ఆదిలాబాద్‌లలో సంఘాలు చాలాకాలం దాని కిందే నమోదయ్యాయి. ఆంధ్ర ప్రాంతంలో మాత్రం బ్రిటిష్ వారి 1860 నాటి చట్టం నడిచేది. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమయ్యాయి గానీ ఈ చట్టాలు ఒకటి కాలేదు. ఉమ్మడి రాష్ట్రంలోనే కరీంనగర్ సంగీత సభకు ఒక చట్టం, గుంటూరు సంగీత సభకు మరో చట్టం! 45 ఏళ్లు అలాగే గడిచాయి.

సంఘాల నమోదు రాజ్యాంగం రాష్ట్ర జాబితాలో ఉంచిన అంశం. 2001లో శాసనసభ 35వ నంబరు చట్టం చేసి పాత రెండింటినీ రద్దు చేసింది. అప్పటికే నమోదైన సంఘాలు కొత్త చట్టం కింద నమోదైనట్టే లెక్క అని కూడా చెప్పింది. రాష్ట్ర విభజన తర్వాత 2016లో తెలంగాణ దీన్ని తన పేరు మీదికి మార్చుకుంది.

కనీసం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. కళలు, లలిత కళలు, సంస్కృతి వంటి ఉద్దేశాలను చట్టమే పేర్కొంది. సంఘం ఎందుకోసమో చెప్పే ఉద్దేశపత్రం ఒకటి, ఎలా నడుస్తుందో చెప్పే నియమావళి, అంటే బైలాస్, ఒకటి రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇంతవరకు పాత చట్టాలకూ దీనికీ పెద్ద తేడా కనిపించదు. అసలు తేడా ఆ తర్వాతే ఉంది.

1860 చట్టంలో సంఘానికి పూర్తి స్థాయి చట్టబద్ధమైన ఉనికి లేదు. ఆస్తి పాలక కమిటీ చేతిలో ఉన్నట్టు లెక్క. కోర్టుకు వెళ్లాలంటే అధ్యక్షుడి పేరో కార్యదర్శి పేరో ముందుండాలి. కొత్త చట్టంలో నమోదైన సంఘమే ఒక వ్యక్తిలాంటిది. దాని పేరు మీదే ఆస్తి ఉంటుంది, ముద్ర ఉంటుంది. సభ్యులు మారినా, కన్నుమూసినా అది కొనసాగుతుంది. గురువు పోయినా తబలా సంఘానిదే. గురువుగారి వారసులకు మన గౌరవం ఉంటుంది, ఆదరణ ఉంటుంది. పాఠశాల ఆస్తి మీద మాత్రం హక్కు ఉండదు. సంఘాన్ని మూసేయాల్సి వచ్చినా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు, అది అలాంటి మరో సంఘానికి పోవాలి. సంగీతాన్ని ప్రేమించేవారు ఈ చట్టంలో అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

రెండో మార్పు తగాదాలకు సంబంధించినది. కమిటీకీ సభ్యులకూ మధ్య గొడవ వస్తే ఏ సభ్యుడైనా 23వ సెక్షన్ కింద 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం వెళ్లవచ్చు, లేదా నేరుగా జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. సభ్యురాలైన ఒక తల్లి కూడా, లెక్కలు చూపించడం లేదని, కమిటీ ఎన్నికలు జరపడం లేదని అడగవచ్చు. అందుకే నియమావళి రాసేటప్పుడే విద్యార్థుల తల్లిదండ్రులకు సభ్యత్వం ఇవ్వాలంటాను. జీతం తీసుకునే గురువు కమిటీలో ఉండాలా, ఉంటే జీతం నిర్ణయించే చర్చలో కూర్చోవాలా అన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి. కంప్యూటర్ సెంటర్ వాళ్లిచ్చే రెడీమేడ్ బైలాస్ మీద సంతకాలు పెట్టి ఊరుకుంటే ఇవేవీ తేలవు.

లెక్కలు రాయడం, ఆడిట్ చేయించడం, ఏటా సర్వసభ్య సమావేశం జరపడం, ఆ తర్వాత కమిటీ సభ్యుల జాబితాను రిజిస్ట్రార్‌కు పంపడం పాటకారులకు విసుగు పుట్టించే పనులే. కానీ ఏళ్ల తరబడి జాబితా పంపని సంఘంలో నిజమైన కమిటీ ఏదో తేల్చడం కోర్టుకు కూడా కష్టం. 2016 అక్టోబరులో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలయ్యాక జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, ఆసిఫాబాద్ వంటి చోట్ల ఉన్న సంఘాలు తమ కాగితాల్లో చిరునామా, జిల్లా పేరు సరిగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోవడం అవసరం.

సంఘం కాకుండా వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. విజయనగరంలో 1919లో రాజా విజయరామ గజపతి ఆదిభట్ల నారాయణదాసు కోసం సంగీత పాఠశాల పెట్టారు. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల అక్కడే చదివారు. రాజుల పోషణ తగ్గాక 1955లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. మద్రాసులో రుక్మిణీదేవి 1936లో స్థాపించిన కళాక్షేత్రది మరో కథ. ఆమె 1986లో కన్నుమూశారు. ఆ తర్వాత పార్లమెంటే 1993లో కళాక్షేత్ర ఫౌండేషన్ చట్టం చేసి, ఆ సంస్థను జాతీయ ప్రాముఖ్యం గలదిగా ప్రకటించి, పాలక మండలి, విద్యా కమిటీ, ఆర్థిక కమిటీ అని అధికారాలను విడదీసింది. ఒక మహా వ్యక్తి చేతిలో ఉన్నదాన్ని పలువురి చేతికి అప్పగించడానికి అంత పెద్ద చట్టం కావలసి వచ్చింది. అయినా 2023లో అక్కడి విద్యార్థులు లైంగిక వేధింపుల ఆరోపణలతో ఆందోళనకు దిగారు. పాలక మండలి ఎంత పెద్దదైనా విద్యార్థి గొంతు వినే చోటు లేకపోతే పాలన ఉన్నట్టు కాదు. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలో ఫిర్యాదుల అంతర్గత కమిటీ ఉండాలని పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం చెబుతోంది. చిన్న పాఠశాలలో పనిచేసేవారు జిల్లా స్థాయి కమిటీని ఆశ్రయించవచ్చు. గురువును దైవంగా చూసే చోట ఈ సంగతి మరింత గట్టిగా చెప్పాలి.

ఆదిలాబాద్ అడవి పల్లెల సంగతి వేరు. ప్రధానులు, తోటీలు అనే తెగల గాయకులు గోండుల వంశగాథలను కిక్రి అనే తంత్రీవాద్యం మీద పాడేవారు. అక్కడ సంగీతం ఇంటి నుంచే వచ్చేది, పోషించే గోండు కుటుంబాల చుట్టూ బతికేది. మర్లవాయికి చెందిన గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో మరణించారు. అలాంటి పెద్దలు ఉండగానే యువకులు ఏడుగురు కలిసి సంఘం పెట్టి కిక్రి, పెప్రె, డోలు నేర్పాలనుకుంటే 2001 చట్టం అడ్డు చెప్పదు. ఒక్క విషయంలో జాగ్రత్త పడాలి. ఏజెన్సీలో 1959 నాటి, 1970లో బిగించిన నిబంధన ప్రకారం భూమి గిరిజనులకు గానీ, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప బదిలీ కాదు. సొసైటీల చట్టం కింద నమోదైన సంఘం సహకార సంఘం కాదు. కాబట్టి పాఠశాల కోసం ఎవరైనా భూమి ఇస్తామంటే, దానపత్రం రాయించుకునే ముందే ఉట్నూరు ఐటీడీఏలో అడగాలి. ఉద్దేశపత్రంలో పాఠం గోండి, కొలామీ భాషల్లో జరుగుతుందని, నేర్పే పెద్దలకు గౌరవవేతనం ఇస్తామని స్పష్టంగా రాసుకోవాలి. అలా రాసుకుంటే రేపు వచ్చే ఏ కమిటీ అయినా తనంతట తాను దాన్ని తీసేయలేదు, సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం నెగ్గించుకోవాలి.