శీతోష్ణస్థితి మార్పు - తీరవాసుల అభిప్రాయము

నెల్లూరు తీరమునందలి మత్స్యకారులకు శీతోష్ణస్థితి మార్పును గూర్చి యేమియు తెలియదనియు, తెలిసినను వారికి పట్టదనియు పట్టణములయందు కొందరు విద్యావంతులు నిస్సంశయముగ చెప్పుచుందురు. పూటకు తడుముకొనువానికి భూగోళపు జ్వరముతో పనియేమి యని వారి వాదము. కడుపు నిండినవానికే చెట్టు మీదను గాలి మీదను దయ కలుగునట! ఈ వాదము వినుటకు ఇంపుగనే యున్నది. వాదించువారికి మిక్కిలి సౌకర్యముగ గూడ నున్నది. కాని ఇది నిజము కాదని తేలి ముప్పదియేండ్లు దాటినది.

అమెరికా దేశస్థుడగు రైలీ డన్లప్ పర్యావరణ సమాజశాస్త్రమునకు మూలపురుషులలో నొకడు. 1992వ సంవత్సరమున, రియో నగరమునందు భూగోళ మహాసభ జరిగిన యేటనే, ఆయన గాలప్ సంస్థవారితో కలిసి 24 దేశముల ప్రజల అభిప్రాయములను సేకరించెను. అందు మన దేశమును కలదు. ధనిక దేశములవారికే ప్రకృతిని గూర్చిన చింత యుండుననియు, బీదలకది విలాసవస్తువనియు అంతవరకు పండితులు నమ్మియుండిరి. ఫలితములు వచ్చుసరికి ఆ నమ్మకము వమ్మయ్యెను. బీద దేశముల ప్రజల చింత ధనికుల చింతకు తీసిపోలేదు. అయినను ఆ పాతమాట మన కార్యాలయములలో నేటికిని చెల్లుబడియగుచున్నది.

మన దేశమును గూర్చియే మరియొక పరిశీలన గలదు. యేల్ విశ్వవిద్యాలయమువారును సీఓటరు సంస్థవారును 2021 అక్టోబరు మొదలు 2022 జనవరి వరకు 4,619 మంది వయోజనులను ప్రశ్నించిరి. భూతాపమును గూర్చి తమకు తెలిసినది కొద్దియే యనియో, ఆ మాటనే వినలేదనియో చెప్పినవారు నూటికి 54 మంది. పట్టణపు విద్యావంతుడు ఇచ్చట చదువుట మాని, తన వాదము గెలిచినదని సంతసించును. కాని ప్రశ్నించినవారు అచ్చట ఆగలేదు. భూతాపమనగా నేమో రెండుమాటలలో విప్పిచెప్పి, ఇట్టిది జరుగుచున్నదా యని మరల నడిగిరి. నూటికి 84 మంది జరుగుచున్నదనిరి. ఈ రెండు అంకెల నడుమ మారినది జనుల జ్ఞానము కాదు, అడిగినవారి భాష.

ఆ ప్రశ్నలు సాగుచున్న దినములలోనే, 2021 నవంబరునందు, సోమశిలనుండి విడిచిన నీటితో పెన్న పొంగి నెల్లూరు పరిసరములను ముంచినది. పడుగుపాడు చెంత జాతీయ రహదారి తెగినది. రైలుకట్ట కొట్టుకొనిపోయి, మదరాసుకును ఉత్తరమునకును నడుమ రాకపోకలు నిలిచిపోయినవి. ఆ నెలలో కోవూరు ప్రాంతపు రైతును భూతాపమను మాట నెరుగుదువా యని యెవరైన అడిగియుండిన, అతడు ఎరుగననియే చెప్పియుండును!

మేము మైపాడు రేవున నొక సాయంకాలము వలలు బాగుచేసికొనుచున్న పెద్దవాని నీ ప్రశ్ననే యడిగితిమి. పత్రికలు కల్పించిన పెద్దమాటనే వాడితిమి గనుక తప్పు మాదియే. ఆయన తల యెత్తక, "ఆ మాట మేము యినలేదు సామీ" అనెను. కొంతసేపటికి గాలిని గూర్చి యడిగితిమి. అప్పుడు దారము ప్రక్కను బెట్టి, "గాలి మునపటి మాదిరి లేదు. యే నెలలో యే పక్కనించి వస్తాదో మా నాయన చెప్పేవోడు. నేను నా కొడుక్కి చెప్పలేను సామీ" అనెను. పిమ్మట అరగంట సేపు ఒడ్డు కోతను గూర్చియు, పడవ తీయక కూర్చున్న దినములను గూర్చియు చెప్పుచునే యుండెను. మా మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును మాత్రమే వ్రాసికొని వచ్చియుంటిమేని, ఆయన కేమియు తెలియదని లెక్కలోనికి ఎక్కియుండును.

మనవారు ఆకసమును గమనించుట నేటి విద్య కాదు. మేఘము గర్భము ధరించిన లక్షణములను గుర్తించి, 195 దినములకు వర్షము ప్రసవమగునని వరాహమిహిరుడు బృహత్సంహితయందు లెక్కకట్టినాడు. ఆ లెక్క నిజమా కాదా యన్నది వేరుమాట. కార్తెలను బట్టి దుక్కి దున్నుటయు, గాలిని బట్టి పడవ తీయుటయు వచ్చు ఏడు గడచిన యేటివలె నుండునను నమ్మకముపై నిలిచినవి. నెల్లూరు సీమకు వర్షములో అధికభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వీచు ఈశాన్య ఋతుపవనముల వలననే కలుగును. ఆ మూడు నెలలే తుపానుల నెలలు గూడ. 1927 నవంబరు తుపానును, 1984 నవంబరున శ్రీహరికోట సమీపమున తీరము దాటిన తుపానును ఈ సీమ చూచినది. 2023 డిసెంబరునందు మిచాంగ్ తుపాను నెల్లూరు తీరము నొరసికొనుచు పోయి బాపట్ల వద్ద నేల కెక్కినది. తుపాను వీరికి క్రొత్త కాదు. దేనికి ఎప్పుడు వెరవవలెనో తెలియకపోవుట క్రొత్త.

శాస్త్రజ్ఞుల లెక్కలు ఈ మాటలకు దూరముగ లేవు. భారత ప్రభుత్వపు భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో ప్రకటించిన నివేదికను బట్టి, ఉత్తర హిందూ మహాసముద్రపు మట్టము 1874 మొదలు 2004 వరకు సాలుకు 1.06 మొదలు 1.75 మిల్లీమీటర్ల చొప్పున హెచ్చినది. 1993-2017 సంవత్సరముల నడుమ ఆ హెచ్చు సాలుకు 3.3 మిల్లీమీటర్లు. నూనె కవళ్ళను చేప ఒకప్పుడు మలబారు తీరమునకే చాలవరకు పరిమితము. సముద్రము వెచ్చబడినకొలది అది ఉత్తరమునకును తూర్పు తీరమునకును వ్యాపించినదని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు వ్రాసిరి. వలలో క్రొత్త చేప పడిన సంగతి మొదట తెలియునది వలవానికే గదా.

ఇంత చెప్పినందున తీరవాసుల మాట యంతయు వేదవాక్యమని మా యభిప్రాయము కాదు. బావినీరు ఉప్పనగుటకు సముద్రమునే నిందించు గ్రామములలో, గట్టు దాటిన రొయ్యల చెరువును గూర్చి నోరు మెదపనివారు గలరు. ఆ చెరువు తమదో, తమ అల్లునిదో యగును. తీరనియంత్రణ మండలమునందు రొయ్యల చెరువులు కూడవని 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు చట్టము చేసి, అనుమతి పద్ధతి నేర్పరచినది. చెరువులు నిలిచినవి, మౌనమును నిలిచినది. ఈ మౌనము నెల్లూరివారికే సొంతమైనది కాదు. కారీ నార్గార్డ్ అను సమాజశాస్త్రజ్ఞురాలు 2000-2001 శీతకాలమున నార్వే దేశపు గ్రామ మొకదానియందు నివసించెను. ఆ యేడు మంచు ఆలస్యముగ పడినది. కారణము అందరును ఎరుగుదురు. ఎవరును దానిని గూర్చి మాటలాడరు. చమురు అమ్మిన సొమ్ముతో సుఖించు దేశములో ఆ ప్రసంగము మర్యాదకు భంగము. తెలిసినను పలుకమి చదువుకొన్నవారిలోనే యెక్కువ నాగరికముగ సాగునని ఆమె గ్రంథము చదివినపుడు మాకు తోచినది. కృష్ణపట్నము చెంత నేలటూరునందు 800 మెగావాట్ల యంత్రములు మూడు బొగ్గును కాల్చుచున్నవి. ఆ విద్యుత్తుతో తిరుగు పంకా క్రిందనే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము కాబోలు. ఆ పొగగొట్టమునుండి వెలువడు బొగ్గుపులుసు వాయువును గూర్చి మా వంటివారు పలికినది ఎంత?

ప్రజాభిప్రాయమును వినుటకు చట్టములో చోటు లేకపోలేదు. పెద్ద కర్మాగారములకు అనుమతి యొసగుటకు ముందు బహిరంగ విచారణ జరుపవలెనని 1997లో నియమము వచ్చినది. 2006నాటి ప్రకటన దానిని తిరుగవ్రాసినది. జిల్లా కలెక్టరుగాని, ఆయన ప్రతినిధిగాని అధ్యక్షత వహించును. పందిరి వేయుదురు, ధ్వనివర్ధకములు పెట్టుదురు. అయితే చట్టము స్థానికభాషలో కోరునది నివేదిక యొక్క సంగ్రహము మాత్రమే. గాలి యే దిక్కునకు పొగను గొనిపోవును, వేడినీరు సముద్రమున నెంతదూరము వ్యాపించును అను వివరములు, అనగా మైపాడు పెద్దవాడు తప్పు పట్టగలిగిన భాగములు, ఆంగ్లపుటలలో నిదురించుచుండును. ఉద్యోగములెన్ని, పరిహారమెంత యను ప్రశ్నలే పందిరిలో మ్రోగును. తరువాత వారికి డబ్బే కావలెనని మన విద్యావంతులు తీర్పు చెప్పుదురు.

సమగ్ర నివేదిక తెలుగున రావలెను. విచారణలో గాలి, ఒడ్డు, నీరు, వేట అను నాలుగింటిని గూర్చి మత్స్యకారులు చెప్పినది వారి మాటలలోనే వ్రాసికొనవలెను. దానికి కంపెనీ పండితులు అంశమువారీగ సమాధానమీయవలెను. ఇందుకు క్రొత్త శాస్త్రమేమియు అక్కరలేదు. తీరిక లేదను సాకును చెల్లదు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పు తీరమున మరపడవల వేట నిషిద్ధము. ఆ దినములలో పడవలు ఇసుకపై నుండును, మనుష్యులు ఊరనే యుందురు. అడుగదలచినవారు అప్పుడు పోవచ్చును.