మీకు తెలుసా? వారానికి 91 గంటల పనీ నిబంధనల ప్రకారమే!

విహార నౌకల సిబ్బంది చేత వారానికి 91 గంటలు పని చేయించినా అంతర్జాతీయ నిబంధన మీరినట్టు కాదు. భారత్ 2015లో ఆమోదించిన సముద్ర కార్మిక ఒప్పందం దేశాలకు రెండు దారులిచ్చింది: పనికి వారానికి 72 గంటల గరిష్ఠ పరిమితి, లేదా విశ్రాంతికి 77 గంటల కనీస హామీ. రెండోది ఎంచుకుంటే వారంలోని 168 గంటల్లో పనికి మిగిలేవి 91.

రోజుకు 10 గంటల విశ్రాంతి తప్పనిసరి కదా అనవచ్చు. నిజమే, కానీ దాన్ని రెండు ముక్కలు చేయవచ్చు; ఒకటి 6 గంటలుంటే చాలు. స్నానం, బట్టలుతుక్కోవడం అందులోనే. కొత్త నౌకల్లోనూ ఇద్దరుండే గదికి 7.5 చదరపు మీటర్లు చాలు. షిఫ్టులు వేరైతే ఒకరి అలారానికి ఇద్దరికీ మెలకువే. ఓవర్‌టైమ్ డబ్బు ఆ నిద్రను తిరిగి ఇవ్వదు. పరిమితి పెట్టాల్సింది పనికే.