ఇంటిపేరు లేని ఎలిమెంట్

ఆ రోజు నెలాఖరు. సాయంత్రం నాలుగు గంటలైంది. పుదుచ్చేరిలోని మా కార్యాలయంలో ఒక ఖాతాదారు సంస్థ పంపిన జీతాల ఫైలు తిరస్కరణకు గురై ఆగిపోయింది. సుమారు రెండు వందల మంది జీతాలు అందులో ఉన్నాయి. వారిలో కొందరు యానాంలో పనిచేసే మన తెలుగువారు. ఫైలు తెరిచి చూస్తే ఖాతా నంబర్లు సరిగానే ఉన్నాయి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు సరిగానే ఉన్నాయి. మొత్తం పైసాతో సహా సరిపోయింది. కానీ సిస్టమ్ ఇచ్చిన సందేశం సారాంశం ఇదీ: "ఇక్కడ రెమిటెన్స్ వివరం అనే ఎలిమెంట్ రాకూడదు. రెమిటెన్స్ వివరం అనే ఎలిమెంట్ రావాలి."

రెండు చోట్లా పేరు ఒకటే! మరి తప్పు ఎక్కడ?

నేను ఎంబీఏ చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, ప్రోగ్రామర్‌ని కాను. అయినా ఆ సాయంత్రం నేర్చుకున్నది శాఖల్లో పనిచేసే మిత్రులకు కూడా ఉపయోగపడుతుందనిపించి రాస్తున్నాను.

ఇంటిపేరు, పొడి అక్షరం

ఎక్స్‌ఎంఎల్ 1998 ఫిబ్రవరిలో ప్రమాణంగా వచ్చింది. అందులో ట్యాగ్‌ల పేర్లు ఎవరికి కావలసినవి వారు పెట్టుకోవచ్చు. చిక్కంతా అక్కడే. 'నేమ్' అంటే ఒకరి ఫైల్లో ఖాతాదారు పేరు, మరొకరి ఫైల్లో బ్యాంకు పేరు. ఈ చిక్కు తీర్చడానికి 1999 జనవరిలో నేమ్‌స్పేస్ పద్ధతి వచ్చింది. ఇది మనకు కొత్తేమీ కాదు. ఊళ్లో సత్యనారాయణలు ఎందరో ఉంటారు. ఇంటిపేరు చెబితే గాని ఎవరో తెలియదు. నేమ్‌స్పేస్ ఎలిమెంటుకు ఇంటిపేరు లాంటిది.

ఇంటిపేరు పొడుగ్గా ఉంటే మనం పొడి అక్షరం వాడతాం కదా, అదే ప్రిఫిక్స్. పొడి అక్షరానికి సొంత విలువ లేదు. 'కె' అంటే ఒక రిజిస్టరులో కొత్తపల్లి, మరో రిజిస్టరులో కాకర్లపూడి కావచ్చు. అలాగే రెండు ఫైళ్లలో ప్రిఫిక్సులు వేరైనా, వాటి వెనుక ఉన్న నేమ్‌స్పేస్ ఒకటే అయితే ఎలిమెంట్లు ఒకటే. మా పుదుచ్చేరిలో వీధి పేర్ల పలకలు ఫ్రెంచిలోనూ తమిళంలోనూ ఉంటాయి. పలక ఏ భాషలో ఉన్నా వీధి మారదు.

ప్రిఫిక్స్ లేకుండా కూడా ఇంటిపేరు పెట్టవచ్చు. 'ఈ ఇంట్లో అందరిదీ ఇదే ఇంటిపేరు' అని తలుపు మీద రాసినట్టు, పై ఎలిమెంటులో ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అని ఒకసారి ప్రకటిస్తే చాలు. దీన్ని డిఫాల్ట్ నేమ్‌స్పేస్ అంటారు.

మన ఫైళ్లలో దీని పాత్ర

2013 అక్టోబర్ 19న మన ఆర్‌టీజీఎస్ ఐఎస్ఓ 20022 సందేశాలకు మారింది. కంపెనీలు చెల్లింపుల కోసం బ్యాంకుకు పంపే పెయిన్.001 ఫైలు కూడా ఆ కుటుంబంలోదే. అందులో నేమ్‌స్పేస్ చివర వెర్షన్ నంబరు ఉంటుంది. చివర 03 ఉన్నది, 09 ఉన్నది రెండు వేర్వేరు ఇంటిపేర్లు. ఒక్క అంకె మారినా అవతలి సిస్టమ్‌కు అది మరో కుటుంబమే.

ఖాతాదారులు ఎవరి ఫార్మాట్‌లో వారు పంపిన ఫైలును ఈ రూపంలోకి మార్చే సాధనాల్లో ముఖ్యమైనది 1999 నవంబరులో ప్రమాణమైన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. మా దగ్గర మార్పిడి చేసేది కూడా ఒక ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీటే.

ఆ రోజు జరిగింది

అంతకు వారం ముందే రెమిటెన్స్ వివరం కోసం ఒక కొత్త టెంప్లేట్‌ను విడి ఫైలుగా రాసి పాత స్టైల్‌షీటుకు జోడించారు. పాత ఫైల్లో డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ప్రకటన ఉంది, కొత్త ఫైల్లో లేదు. 'పై ఎలిమెంటుకు ఉంది కదా, లోపల పెట్టినవాటికీ అదే వస్తుంది' అనుకున్నారు.

అలా రాదు. ఎలిమెంటుకు ఇంటిపేరు అది స్టైల్‌షీటులో ఎక్కడ రాయబడిందో అక్కడే ఖాయమవుతుంది. అవుట్‌పుట్‌లో ఎవరి పక్కన చేరిందన్న దానితో సంబంధం లేదు. పెళ్లిలో పంక్తిలో కూర్చున్నంత మాత్రాన ఆ ఇంటివాళ్లం అయిపోము కదా! ప్రాసెసర్ నిజాయితీగా ఆ ఎలిమెంటు దగ్గర ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అని రాసి, కోట్స్ మధ్య ఖాళీ వదిలింది. 'ఇతనికి ఇంటిపేరు లేదు' అని దాని అర్థం.

ఆ ఖాళీ ప్రకటన కనిపించగానే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి అన్నిచోట్లా చెరిపేద్దామని నేనే అన్నాను. ఐదు నిమిషాల పని. మా చీఫ్ మేనేజర్ గారు ఒప్పుకోలేదు. "ఖాతాదారు ఆమోదించిన చెల్లింపు ఫైలును మనం చేత్తో దిద్దితే, రేపు ఒక ఖాతా నంబరు మారిందని ఎవరైనా అడిగితే ఏం చెబుతావు?" అన్నారు. నాకు సమాధానం దొరకలేదు.

కొత్త టెంప్లేట్ ఫైలు మొదట్లో డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌ను ప్రకటించారు. ఒక్క లైను. పరీక్షించి, మేకర్, చెకర్ ఇద్దరూ ఆమోదించి, ఫైలును మళ్లీ తయారు చేసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్ ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది కాబట్టి జీతాలు ఆ రాత్రే వెళ్లాయి.

గుర్తుంచుకోవలసినవి

ఒకటి: వెతికేటప్పుడు కూడా ఇంటిపేరు కావాలి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లో ప్రిఫిక్స్ లేకుండా ఎలిమెంటు పేరు రాస్తే, నేమ్‌స్పేస్ లేని ఎలిమెంటునే వెతుకుతుంది. ఫైల్లో డేటా ఉన్నా అవుట్‌పుట్ ఖాళీగా వస్తే ముందు ఇది చూడాలి.

రెండు: అవుట్‌పుట్‌లో అక్కరలేని ప్రిఫిక్సులు వేలాడుతుంటే ఎక్స్‌క్లూడ్-రిజల్ట్-ప్రిఫిక్సెస్ అనే గుణంతో ఆపవచ్చు. అయితే అది స్టైల్‌షీటులో మనం స్వయంగా రాసిన ఎలిమెంట్ల మీదే పనిచేస్తుంది. మూల ఫైలు నుంచి కాపీ అయి వచ్చేవాటిని ఆపదు. వాటికి 2007లో వచ్చిన 2.0 వెర్షన్‌లో కాపీ-నేమ్‌స్పేసెస్ అనే గుణానికి 'నో' అని ఇవ్వాలి.

మూడు: అనవసరమనిపించిన ప్రతిదీ తీసేయకూడదు. రిజర్వ్ బ్యాంకుకు పంపే ఎక్స్‌బీఆర్‌ఎల్ రిటర్నులే ఉదాహరణ. అందులో కరెన్సీని చెప్పే చోట 'ఐఎస్ఓ4217' అనే ప్రిఫిక్స్, పక్కన రూపాయి కోడ్ ఎలిమెంటు లోపలి విలువగా వస్తాయి. ఆ ప్రిఫిక్స్ ఏ ఎలిమెంటు పేరులోనూ లేకపోవచ్చు. అందుకని దాని ప్రకటన తీసేస్తే, పొడి అక్షరం మిగులుతుంది, ఇంటిపేరు పోతుంది.

నాలుగు: డిజిటల్ సంతకం చేసిన తర్వాత సంతకం పరిధిలోని ప్రిఫిక్సులను ముట్టుకోకూడదు. అర్థం మారకపోయినా అక్షరాలు మారతాయి, సంతకం చెల్లదు. దిద్దుబాటు ఏదైనా సంతకానికి ముందే జరగాలి.

శాఖలో ఉన్నవారు స్టైల్‌షీట్లు రాయనక్కరలేదు. కానీ ఫైలు తిరస్కరణకు గురైందని ఖాతాదారు ఫోన్ చేసినప్పుడు "డేటా సరిచూసి మళ్లీ పంపండి" అనే ముందు రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఫైలు పైన ఉన్న నేమ్‌స్పేస్‌లో వెర్షన్ నంబరు నిన్నటిదేనా? మధ్యలో ఎక్కడైనా ఖాళీ ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ ఉందా? కనిపించినది ఐటీ విభాగానికి రాసి పంపితే, సగం పని అయినట్టే.

మరునాడు ఉదయం యానాం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. జీతం ఆలస్యమైందని ఫిర్యాదు చేస్తారేమో అనుకున్నాను. "రాత్రి పది దాటాక మెసేజ్ వచ్చిందండీ, అంత రాత్రప్పుడు కూడా పనిచేస్తారా మీరు?" అని అడిగారు. ఒక్కోసారి చేయాల్సి వస్తుందండీ అన్నాను.